సందు లేని ఇత్తడి మూత

మావారికి కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేవారు. ఆపరేషన్ థియేటర్‌లో విసిరితే నర్సులు వంగి ఏరుకునేవారు. ఇంట్లో విసిరితే నేను ఏరేదాన్ని కాదు. పడ్డ వస్తువు పడ్డచోటే ఉండేది, ఆయనే విసుగెత్తి తీసేదాకా. మా కాపురం ఎలాంటిదో చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదనుకుంటాను.

ఆయన సర్జన్. నేను మత్తు డాక్టర్ని. గుంటూరులో కలిసి చదువుకున్నాం, మిషిగన్‌లో ఒకే ఆస్పత్రిలో ముసలివాళ్లమయ్యాం. నేను ముందు రిటైరయ్యాను. పని చేసినన్నాళ్లూ పేషెంటు తల దగ్గర నేను, పొట్ట దగ్గర ఆయన, మధ్యలో అడ్డంగా కట్టిన గుడ్డ. ఆ గుడ్డ మీదుగా ఆయన చేతులు చూస్తూనే నా వయసంతా గడిచిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మనిషి నోరు ఎంత చేదో ఆ చేతులు అంత తీపి. పార్టీల్లో మాత్రం నన్ను చూపించి, "మా ఆవిడకి ఇంట్లోనూ గ్యాస్ బండే, థియేటర్‌లోనూ గ్యాస్ బండే. ఎక్కడైనా అదే డ్యూటీ" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన మజ్జిగలో ఉప్పు రెట్టింపు వేసేదాన్ని.

కార్ల కంపెనీలు కుప్పకూలుతున్న చలికాలం అది. మేముండే నోవై ఊళ్లో, మా వీధిలోనే ఇళ్ల ముందు మంచులో అమ్మకం బోర్డులు లేచాయి. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఎవరి ప్రాజెక్ట్ పోయింది, ఎవరి హెచ్ వన్ వీసా ఏమవుతుంది అన్న మాటలే. మావారికి ఉద్యోగం పోలేదు, కత్తి పోయింది. సర్జరీ విభాగానికి హెడ్‌గా ఉన్న కుర్రాడు ఆయన్ని గదిలోకి పిలిచి, తలుపు వేసి, "సార్, కొన్నాళ్లు క్లినిక్ చూస్కోండి. చెయ్యి ఒక్కసారి న్యూరాలజీ వాళ్లకు చూపియ్యండి. తర్వాత కమిటీల మాట్లాడుకుందం" అన్నాడట.

కుర్రాడని నేనంటున్నాను గానీ అతనికీ కణతల దగ్గర నెరిసింది. వరంగల్ వాడు. మావారి దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకునే రోజుల్లో మావారు అతన్ని నర్సులందరి ముందూ గాడిదా అని పిలిచేవారు. ఒకసారి ఫోర్సెప్స్‌తో వేళ్ల మీద కొట్టారు. అతను లాకర్ రూమ్ బయట గోడకానుకుని ఏడుస్తుంటే కాఫీ తెచ్చిచ్చింది నేనే. అలాంటివాడు ఇప్పుడు పెద్దాయనకి కత్తి ఇవ్వాలో వద్దో తేల్చే కుర్చీలో కూర్చున్నాడు, కూర్చుని కూడా భయపడుతూనే ఉన్నాడు.

ఆయన చేతికి పట్టుకున్న ఆ వణుకు పాపిష్ఠి వణుకు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండేది కాదు. వస్తువు దగ్గరికి వెళ్లేకొద్దీ మొదలయ్యేది. కప్పు పెదాల దాకా వచ్చేసరికి, తాళంచెవి తలుపు కన్నం దాకా వచ్చేసరికి, సూది గాయం దాకా వచ్చేసరికి. పనంతా ఎక్కడ ఉంటుందో సరిగ్గా అక్కడే. ఆయన దానికి చలి అని పేరు పెట్టారు, కాఫీ అన్నారు, నిద్ర చాలడం లేదన్నారు. కాఫీ మానేశారు కూడా. ఇంకొకరికి ఈ లక్షణాలుంటే గుమ్మంలో అడుగు పెట్టగానే రోగం పేరు చెప్పేసే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి వైద్యం చదువుకోనట్టే మాట్లాడారు.

న్యూరాలజీకి వెళ్లలేదు. "నా చెయ్యి సంగతి ఇంకొకడు నాకు చెప్పేదేంటి? నేనే చూపిస్తా ఆ హెడ్ గాడికి" అన్నారు.

ఎలా చూపిస్తారంటే, తుపాకి చేసి.

మనవాళ్లకి ఈ మాట చెబితే ఉలిక్కిపడతారు. దొంగల తుపాకి కాదు, పోలీసు తుపాకీ కాదు. మూతి లోంచి మందు పోసి, సీసపు గుండుని నూనె గుడ్డలో చుట్టి, పొడుగాటి పుల్లతో కూరి పేల్చే పాతకాలపు తుపాకి. ఊరికి పడమరగా పొలాల్లో వాటి కోసం ఒక క్లబ్బు ఉండేది. ఆదివారాలు అక్కడ తెల్ల ముసలివాళ్లంతా జింక తోలు చొక్కాలు వేసుకుని రెండు వందల ఏళ్ల కిందటి వేటగాళ్ల వేషం కట్టేవారు. వాళ్ల మధ్య మావారొకరు, నక్క తోక వేలాడే టోపీ పెట్టుకుని. చూసి నేను నవ్వితే ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. హాయిగా ఉండింది. అక్కడికే ఈ వరంగల్ శిష్యుణ్ణి కూడా కొన్నాళ్లు లాక్కెళ్లారు, పాపం వద్దనలేక వెళ్లేవాడు. ఆ క్లబ్బులో గౌరవమంతా తుపాకి కొన్నవాడికి కాదు, సొంత చేత్తో చేసినవాడికి. మావారు అప్పటికే సాదా తుపాకులు చేశారు. మా బేస్‌మెంట్ అంతా రంపాలు, ఆకురాళ్లు, చెక్కపొట్టు.

ఇప్పుడు చేస్తున్నదానికి కొత్తగా ప్యాచ్‌బాక్స్ పెట్టాలని పట్టుబట్టారు. తుపాకి వెనక భుజానికి ఆనించే చెక్క ఉంటుంది కదా, దాని పక్కన ఒక చిన్న గూడు తొలుస్తారు. గుండుకి చుట్టే నూనె గుడ్డ పేలికలు అందులో పెట్టుకుంటారు. ఆ గూటికి ఇత్తడి మూత, మూతకి మడతబందు, బందుకి ముందు పువ్వు ఆకారంలో కత్తిరించిన ఇత్తడి పలక. ఇదంతా చెక్క మీద అతికించేది కాదు. చెక్కని అదే ఆకారంలో తవ్వి, అందులోకి దించాలి. చెక్క గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటుంది, ఇత్తడి కూడా ఆ ఒంపుకే వంగాలి. దించాక గోరుతో రాసినా ఇత్తడి ఎక్కడ ఆగింది, చెక్క ఎక్కడ మొదలైంది అన్నది తగలకూడదు. గీత దాటి వెంట్రుకవాసి తవ్వినా ఆ సందు తుపాకి ఉన్నంతకాలం కనిపిస్తుంది. పోయిన చెక్క మళ్లీ రాదు.

"సందు లేకుండా దీన్ని కూర్చోబెడతా. కూర్చోబెట్టాక వాణ్ణి భోజనానికి పిలుస్తా. ఆ పనికి ఎంత చెయ్యి కావాలో వాడికి తెలుసు, క్లబ్బులో చూశాడు. చూసి కూడా వణుకంటాడా, అప్పుడు నేనే మానేస్తా" అన్నారు.

నాకు ఆ మాట నచ్చింది. ఎందుకు నచ్చిందంటే, కూర్చోదని నాకు తెలుసు. కూర్చోకపోతే ఆయన మానేస్తారు. ఎవరూ ఆయన మొహం మీద చెప్పనక్కర్లేదు, చెక్కే చెబుతుంది. మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది, హైదరాబాద్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పని చేసుకుంటూ. మెడలో గడ్డ ఉంది, తీయించుకోవాలి. "అంకుల్ తప్ప ఇంకెవరూ నా మెడ మీద కత్తి పెట్టడానికి వీల్లేదు ఆంటీ. అంకుల్ బ్యాక్ అయ్యేదాకా వెయిట్ చేస్తా" అని డేట్ వాయిదా వేసుకుంటూ కూర్చుంది. ఆ గడ్డ వెనకాలే గొంతు నరం దారంలా పోతూ ఉంటుంది. తగిలితే గొంతు పోతుంది. ఆ పిల్ల నా వంటింట్లో స్టూలు మీద కూర్చుని గలగలా మాట్లాడుతుంటే నేను ఆ మెడనే చూస్తూ ఉండేదాన్ని.

ముందు పనికిరాని చెక్కముక్కల మీద అలవాటు చేసుకున్నారు. ఇత్తడి పలకని చెక్క మీద పెట్టి, చుట్టూ కత్తి మొనతో గీత గీసి, ఆ గీతకి లోపలగా ఉలితో దించుకుంటూ రావాలి. ముతకపని ఆయన బాగానే చేసేవారు. గీత దగ్గరికి వచ్చేసరికి ఉలి మొన నాట్యం మొదలుపెట్టేది. ఒక ముక్క పోయింది. ఇంకోటి పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఉలి పదును లేదన్నారు, లైటు చాలదన్నారు, తేమ లాగే మెషీన్ చప్పుడు చేస్తోందన్నారు. చివరికి పైన వంటింట్లో నేను నడుస్తుంటే అడుగుల చప్పుడుకి చెయ్యి కదులుతోందన్నారు. నేను చెప్పులు వేసుకుని మరీ నడిచాను.

ఒకరోజు కింద ఉలి గోడకి తగిలిన చప్పుడు వినిపించింది. నేను దిగి వెళ్లలేదు. కాసేపటికి ఆయనే పిలిచారు, "ఇలా రా" అని. దిగేసరికి ఉలి ఆయన చేతిలోనే ఉంది, తనే తీసినట్టున్నారు. అసలు తుపాకి చెక్కని, అంటే నెలల తరబడి చెక్కిన పులిచారల మేపుల్ చెక్కని, బల్లకున్న వైస్‌లో బిగించి ఉంచారు. ఉలి నా చేతిలో పెట్టారు.

"పట్టుకో. నేను చెబుతా, నువ్వు కొయ్యి."

నేను ఆయన మొహం కేసి చూశాను. అందులో కోపం లేదు. చేతులెత్తేశారనుకున్నాను. పంతం వదిలేశారు, తుపాకి మాత్రం పూర్తి కావాలని ముచ్చట పడుతున్నారు అనుకున్నాను. ముసలి మనిషి, పోనీలే అనిపించింది. కొంగు బిగించి స్టూలు లాక్కున్నాను.

మత్తు డాక్టర్ల చేతులని ఎవరూ పొగడరు, నా సర్వీసులో ఆపరేషన్ టేబుల్ మీద ఒక్క మనిషీ పోలేదని అందరికీ నేనే చెప్పుకోవాలి. కానీ వెన్నులోకి సూది దించేటప్పుడు ఎన్ని పొరలు దాటింది, ఎక్కడ ఆగాలి అన్నది కంటితో కాదు, వేలితోనే తెలుసుకోవాలి. చెక్క కూడా అంతే. మెత్తని చోట జారుతుంది, చార ఎదురు తిరిగినచోట బిగదీస్తుంది. మొదటి రోజే నాకది పట్టుబడింది. ఆయన పక్కన కూర్చుని చెప్పేవారు. "ఎడమకి. ఇంకొంచెం. ఆగు. గీత మీద కాదు, గీతకి లోపల. ఊఁ. ఇప్పుడు లేపు." థియేటర్‌లో ఆపరేషన్ బాగా సాగుతున్నప్పుడు వచ్చే గొంతు అది. ఆ గొంతుని నేను గుడ్డకి ఇవతలి వైపు నుంచి వినేదాన్ని. అది నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

పలక ఎక్కడ తగులుతోందో తెలియడానికి దాని అడుగున మసి పూసి చెక్కలోకి నొక్కుతారు. తీసి చూస్తే తగిలినచోట నల్లగా అంటుకుని ఉంటుంది, అక్కడే గీరాలి. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ గీరడం. ఆయన కొవ్వొత్తి మసి పట్టేవారు, అది సరిగ్గా అంటేది కాదు. దానికేం భాగ్యమని నేను ఆముదం దీపం పెట్టి, ఇత్తడి పళ్లెం బోర్లించి, మసి దింపాను. దింపినదాన్ని దింపినట్టు తేవచ్చు కదా, చేతి అలవాటు కొద్దీ చుక్క నెయ్యి వేసి కాటుక రంగరించేశాను. నల్లగా, నున్నగా, భేషుగ్గా అంటింది. నెయ్యి చెక్కలోకి కూడా భేషుగ్గా ఇంకింది. రంగు పట్టదిక అక్కడ.

"పెళ్లికూతురికి పెడుతున్నావా? తుపాకికి బుగ్గచుక్క కూడా పెట్టు!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచారు. స్పిరిట్‌తో తుడిచి, పైపొర గీరి, ఎలాగో బయటపడ్డాం. ఆ కోపంలో పెన్సిల్ తీసి నా వేలి కణుపు మీద కొట్టారు. "ఇంకోసారి కొడితే ఈ ఉలి మీ తొడలో ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వారు. నిజంగా నవ్వారు. నేను కూడా నవ్వాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మా పెళ్లయ్యాక నాకు బాగా గుర్తున్న రోజులు అవే. మెట్ల కింద నుంచి నన్ను పిలుస్తారేమోనని ఎదురుచూసేదాన్ని.

ఫిబ్రవరిలో పలక కూర్చుంది. చెక్క సుత్తితో ఒక్కటి తడితే బుస్సుమని గాలి వదిలి లోపలికి దిగిపోయింది. మరలు కూడా నేనే బిగించాను. ఆయన కళ్లు మూసుకుని గోటితో చుట్టూ రాసి చూశారు. మూత తెరిచారు, మూశారు. "బాగుంది" అన్నారు. నా పని గురించి ఆయన నోట ఆ మాట వినడం నాకు గుర్తులేదు. పైకెళ్లి కాఫీ కలుపుకుంటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టారు. "కూర్చోబెట్టేశానమ్మా. వెంట్రుక దూరదు. మీ నాన్న చెయ్యి పోయిందన్నారుగా, వచ్చి చూసుకోమను ఒక్కొక్కణ్ణి."

"వావ్ నాన్నా! అమ్మ హెల్ప్ చేసిందా?"

"ఆఁ, చేసింది. లైట్ పట్టుకుంది."

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఎవరు కూర్చోబెట్టారు?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు. "నేనే. ఏం?"

"ఉలి పట్టిందెవరు?"

"ఉలి ఎవరు పడితే ఏంటి? ఎక్కడ కొయ్యాలో ఎవరు చెప్పారు? ఎంత కొయ్యాలో ఎవరు చెప్పారు? ఇన్నేళ్లు థియేటర్‌లో కూర్చున్నావు, ఇది తెలీదా? పని నేర్చుకునే రెసిడెంట్లు కుట్టిన కుట్లన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయి? సర్జన్ చెప్పినట్టు చేతులు కదిలితే అది సర్జన్ పనే. శనివారం వాణ్ణి భోజనానికి రమ్మన్నా. గుత్తి వంకాయ చెయ్యి, వాడికిష్టం."

ఆయన అబద్ధమాడి ఉంటే నాకంత భయం వేసేది కాదు. ఆయన నమ్ముతున్నారు. సర్జన్ల లోకంలో అది నిజం కూడా. ఎవరి చెయ్యి కదిలినా పేరు పెద్దాయనదే, అలా అని కొన్ని వేల కాగితాల మీద సంతకం పెట్టిన మనిషికి, నా చేతిని తన చెయ్యి అనుకోవడం ఎంతసేపు? కానీ థియేటర్‌లో రెసిడెంటు చెయ్యి తడబడితే పెద్దాయన అందుకుంటారు. పెద్దాయన చెయ్యి తడబడితే ఎవరు అందుకుంటారు? గుడ్డకి ఇవతల నుంచి చూసి ఆపుదామన్నా నేను రిటైరయ్యాను.

"వీధి చివరి అమ్మాయి గడ్డ ఆపరేషన్ కూడా మార్చిలో పెట్టించేస్తా. పాపం నాకోసమే ఆగింది" అన్నారు, టీవీ పెట్టుకుంటూ.

అప్పుడు చెప్పాను. మొహం మీదే చెప్పాను. "మీరు మళ్లీ కత్తి పట్టకూడదండీ. మీ చెయ్యి పోయింది. నాకు తెలుసు, మీకూ తెలుసు."

ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నువ్వెప్పుడన్నా ఒక కడుపులో చెయ్యి పెట్టావా? తల దగ్గర కూర్చుని క్రాస్‌వర్డ్ నింపుకున్నదానివి. గ్యాస్ బండ మనకెందుకమ్మా చేతుల గొడవ."

శిష్యుడికి ఫోన్ చేసి చెబుదామా అనుకున్నాను. నంబరు దాకా వెళ్లి ఆగాను. చెబితే నమ్ముతాడు. నమ్మి ఏం చేస్తాడు? పెద్దాయన కళ్లెర్ర చేస్తే తల దించుకుంటాడు, ఇంకో నెల చూద్దామంటాడు, చిన్న కేసులు ఇద్దామంటాడు. ఆ చిన్న కేసు మా వంటింటి స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పే పిల్లే అవుతుంది. చెవికి చెబితే చాలదు, అతని కళ్లకే చూపించాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం శిష్యుడు వచ్చాడు. భార్య పిల్లల్ని డాన్స్ క్లాస్‌కి తీసుకెళ్లిందట, ఒక్కడే వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, మావారికి వంగి నమస్కారం పెట్టాడు. భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి దాని మీద తుపాకి పెట్టి ఉంచారు మావారు. వంకాయ కూర వాసన ఇల్లంతా కమ్ముకుంది గానీ ఎవరూ కూర్చోలేదు.

అతను వంగి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు. గోరు పెట్టి రాశాడు.

"అబ్బ, ఎట్ల చేసిన్రు సార్! గోరు గూడ ఆగుతలేదు. మస్తుగున్నది సార్, మస్తు."

"మరి? వణుకే చెయ్యి చేసే పనేనా అది?"

అతని మొహంలో ఎంత తేలిక వచ్చిందో! బరువు దించుకున్న కూలీ మొహం అది. "నాకు తెల్సు సార్, ఎవరో ఏదో అన్నరని నేను అనవలసొచ్చింది గానీ. వచ్చే కమిటీల నేనే మాట్లాడుత. న్యూరాలజీ రిపోర్ట్ లేకున్నా నడుస్తది, నేను జూసిన అని చెప్త."

"మార్చిలో ఒక థైరాయిడ్ ఉంది."

"పెట్టిస్త సార్."

నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాను. సొరుగులోంచి సన్న స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాను.

"పైపైన చూస్తే ఏం తెలుస్తుంది? పనంతా పలక కిందే ఉంది. మరలు విప్పి లోపల చూపించండి అతనికి."

మావారు నాకేసి చూశారు. అర్థమైంది ఆయనకి. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టే ఉంటుంది. "భోజనం అయ్యాక" అన్నారు.

"చూపియ్యండి సార్, నేను గూడ నేర్చుకుంట" అన్నాడు పిచ్చివాడు, ఉత్సాహంగా.

ఇష్టం లేదని చెప్పొచ్చు. చెయ్యి నొప్పి అనొచ్చు. శిష్యుడి ముందు ఆ మాట అనడం కంటే చావడం నయం ఆయనకి. ఇన్నేళ్లు కాపురం చేశాను, అది నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తెలిసే అక్కడ పెట్టాను.

స్క్రూడ్రైవర్ తీసుకున్నారు. బల్ల మీద నుంచి తీసుకునేటప్పుడు చెయ్యి బాగానే ఉంది. మర దగ్గరికి దిగేకొద్దీ మొదలైంది. మొన గాడిలో పడలేదు, ఇత్తడి మీద టకటకమని కొట్టుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. రెండు చేతులూ కలిసి వణికాయి. మొన ఒకసారి గాడిలో పడ్డట్టే పడి, జారి, ఇత్తడి పువ్వు మీదుగా అడ్డంగా గీసుకుంటూ పోయి, మెరుగు పెట్టిన మేపుల్ చెక్కని చీల్చింది. తెల్లటి గీత పడింది.

శిష్యుడు చెయ్యి చాచాడు. "సార్, నేను..."

"నువ్వు కూర్చో. సార్ తీస్తారు" అన్నాను.

నా గొంతు నాకే రాయిలా వినిపించింది. అతను చాచిన చెయ్యి అలాగే ఉండిపోయి, తర్వాత కిందకి దిగింది. మావారు మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ టకటక. ఆ చప్పుడు వింటూ ముగ్గురం నిలబడ్డాం. ఆపెయ్యండి అని నోటి దాకా వచ్చింది, పళ్లు బిగబట్టుకున్నాను. అక్కడ ఆపితే మార్చి వస్తుంది.

చివరికి ఒక మర ఊడింది. ఆయన పట్టుకోలేకపోయారు, దొర్లి కింద పడింది.

ఆయన నడుం నిటారుగా చేసుకున్నారు. స్క్రూడ్రైవర్‌ని తిప్పి, పిడి వైపు శిష్యుడికి అందించారు, థియేటర్‌లో పనిముట్టు అందించేట్టే. "నువ్వు క్లోజ్ చెయ్యి" అన్నారు. సర్జన్ తన పని అయిపోయి బల్ల దగ్గర్నుంచి తప్పుకునేటప్పుడు జూనియర్‌తో అనే మాట అది. అని, చేతులు వెనక్కి కట్టుకుని, మెల్లగా మేడ మీదికి వెళ్లిపోయారు. తలుపు వేసుకున్న చప్పుడు కూడా మెల్లగానే వినిపించింది.

శిష్యుడు కింద పడ్డ మరని వెతికి తీసి, బిగించాడు. ఎంత చక్కని చెయ్యి! మావారు దిద్దిన చెయ్యి. బిగిస్తూ ఏడ్చాడు, కన్నీళ్లు ఇత్తడి మీద పడితే చొక్కా చేతితో తుడిచాడు.

"మేడమ్, మీరట్ల చెయ్యొద్దుండె. సార్‌ను అట్ల చెయ్యొద్దుండె."

"నువ్వు చెయ్యాల్సిన పని నేను చేశాను. కూర్చో, అన్నం తిను."

కూర్చున్నాడు. వంకాయ వేశాను, నెయ్యి వేశాను. తల ఎత్తకుండా తిన్నాడు. పెరుగన్నం కూడా తినేదాకా లేవనివ్వలేదు.

సోమవారం మావారు ఆస్పత్రికి తనే ఫోన్ చేసి, ఆపరేషన్ల నుంచి తన పేరు తీసెయ్యమన్నారు. మా వీధి అమ్మాయికి మార్చిలో వరంగల్ కుర్రాడే గడ్డ తీశాడు. మూడో రోజుకే నా స్టూలు మీద కూర్చుని, అంకుల్ తనని వదిలేశారని బొంగురు గొంతుతో ఫిర్యాదులు చెప్పింది. బొంగురు తర్వాత పోయింది. ఫిర్యాదులు పోలేదు.

మావారు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవారు, నీళ్లు అందిస్తే తాగేవారు. చేతిలో ఉన్నది విసరడం కూడా మానేశారు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. బయట మంచు కరిగి లాన్ మీద గడ్డి కనిపించడం మొదలుపెట్టాక, ఒక పొద్దున కాఫీ బల్ల దగ్గర నోరు విప్పారు. కప్పు రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"నీ సర్వీసు మొత్తంలో టేబుల్ మీద ఒక్క మనిషి కూడా పోలేదని అందరికీ చెప్పుకుంటావు కదూ?"

"అవునండీ."

"ఇకమీదట చెప్పుకోకు."

సరేనన్నాను. ఆ తర్వాత ఎవరి దగ్గరా చెప్పుకోలేదు.